24 బైట్ల ఆబ్జెక్టుకు క్యాష్ లైను అలైన్‌మెంట్ అడిగితే కెర్నల్ 32 బైట్లే ఎందుకు ఇస్తోంది?

ప్రశ్న

నమస్కారం. నేను లినక్స్ కెర్నల్‌లో నడిచే ఒక నెట్‌వర్క్ మాడ్యూల్ మీద పనిచేస్తున్నాను. అందులో ప్రతి కనెక్షన్‌కూ ఒక చిన్న ఆబ్జెక్టు ఉంటుంది. మొదట హ్యాష్ పట్టికలో తరువాతి ఆబ్జెక్టును చూపే 8 బైట్ల పాయింటర్, ఆ తరువాత 4 బైట్ల కీ, 4 బైట్ల ఫ్లాగులు, 4 బైట్ల రిఫరెన్స్ కౌంటు, చివరగా ఆ కనెక్షన్‌ను ఆఖరిసారి ఎప్పుడు వాడామో తెలిపే 4 బైట్ల సమయం, మొత్తం 24 బైట్లు. రద్దీ వేళల్లో వీటి సంఖ్య 10 లక్షల దాకా వెళ్లవచ్చు కనుక కెర్నల్ సాధారణ మెమరీ కేటాయింపు ఫంక్షన్ అయిన కేమాలాక్ వాడకుండా, వీటికోసం ప్రత్యేకంగా ఒక స్లాబ్ క్యాష్‌ను (ఒకే రకం ఆబ్జెక్టులను పేజీల్లో పేర్చి ఇచ్చే నిల్వను) సృష్టించి, ఆబ్జెక్టులను క్యాష్ లైను హద్దులకు సర్దమనే హార్డ్‌వేర్ క్యాష్ అలైన్ ఫ్లాగు దానికి పెట్టాను.

మా యంత్రం రెండు సాకెట్ల ఎక్స్86 సర్వర్. దాని క్యాష్ లైను, అంటే ప్రాసెసర్ క్యాష్ ఒక్కసారి తెచ్చుకునే మెమరీ ముక్క, 64 బైట్లు. ఆ ఫ్లాగు పెట్టాను కాబట్టి ప్రతి ఆబ్జెక్టు తన సొంత క్యాష్ లైనులో కూర్చుంటుందని అనుకున్నాను. కానీ కెర్నల్ తన వివరాలను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ స్లాబ్ వివరాలు చూస్తే ఆబ్జెక్టు పరిమాణం 24 అని, స్లాబ్‌లో అది ఆక్రమించే చోటు 32 అని, అలైన్‌మెంట్ కూడా 32 అని ఉంది. అంటే ఒక్కో లైనులో ఇద్దరు కాపురం ఉంటున్నారు. కోర్‌ల మధ్య క్యాష్ లైన్ల కోసం జరిగే పోటీని చూపే పెర్ఫ్ సీ2సీ సాధనపు నివేదికలో ఈ స్లాబ్‌కు చెందిన లైన్లు రెండు సాకెట్ల మధ్య తెగ తిరుగుతున్నట్టు కనబడుతోంది.

కెర్నల్ నా మాట ఎందుకు పాటించలేదు? 64 బైట్లకు బలవంతంగా అలైన్ చేయించుకోవడం సరైన పనేనా? అలా చేస్తే మెమరీ ఎంత అదనంగా ఖర్చవుతుంది? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1

కెర్నల్ మీ మాట పాటించింది. అయితే ఆ ఫ్లాగుకు మీరు అనుకుంటున్న అర్థం వేరు, కెర్నల్ ఇస్తున్న అర్థం వేరు. "ఈ ఆబ్జెక్టుకు ఒక పూర్తి లైను కేటాయించు" అని ఆ ఫ్లాగు చెప్పదు. "ఈ ఆబ్జెక్టు అవసరానికి మించి రెండు లైన్ల మీద పడకుండా చూడు" అని మాత్రమే చెబుతుంది.

అలైన్‌మెంట్‌ను లెక్కకట్టే ఫంక్షన్ చాలా చిన్నది, ఒకసారి చదవండి. అది మొదట ప్రాసెసర్ క్యాష్ లైను పరిమాణాన్ని తీసుకుంటుంది, ఆబ్జెక్టు పరిమాణం అందులో సగానికి సమానంగా గాని తక్కువగా గాని ఉన్నంతసేపూ దాన్ని సగం చేసుకుంటూ పోతుంది. మీ 24 బైట్లు 64లో సగమైన 32 కన్నా తక్కువ కాబట్టి 64 కాస్తా 32 అవుతుంది. 24 అనేది 32లో సగమైన 16 కన్నా ఎక్కువ కాబట్టి అక్కడ ఆగుతుంది. అదే 16 బైట్ల ఆబ్జెక్టు అయితే 16 దాకా దిగేది. 32 బైట్లు దాటిన ఆబ్జెక్టు ఏదైనా 64 దగ్గరే ఉండిపోతుంది. మీరు విడిగా అంతకన్నా పెద్ద అలైన్‌మెంట్ అడిగి ఉంటే, రెండింటిలో పెద్దది చెల్లుతుంది.

ఈ సగం చేసే పద్ధతి, కెర్నల్‌లో ఇలాంటి క్యాష్‌లను నడిపిన పాత స్లాబ్ అలొకేటర్‌లో ముందు నుంచీ ఉంది. దానికి ప్రత్యామ్నాయంగా క్రిస్టోఫ్ లామెటర్ రాసిన కొత్త అలొకేటర్ స్లబ్ 2007లో 2.6.22 కెర్నల్‌తో వచ్చినప్పుడు, లైనులో సగానికి మించని ఆబ్జెక్టుల విషయంలో ఈ ఫ్లాగును అసలు పట్టించుకునేది కాదు. వాటిని 8 బైట్ల హద్దుకే సర్ది వరుసగా పేర్చేది. 2008లో నిక్ పిగ్గిన్ పంపిన మార్పుతో స్లబ్ కూడా పాత పద్ధతినే అనుసరించడం మొదలుపెట్టింది. 2024లో 6.8 విడుదలతో పాత స్లాబ్ కెర్నల్ నుంచి పూర్తిగా వెళ్లిపోయింది కాబట్టి ఇప్పుడు మీరు వాడుతున్నది స్లబ్ మాత్రమే.

ఫ్లాగు లేకుండా 24 బైట్ల ఆబ్జెక్టులను పేరిస్తే ఏమవుతుందో కాగితం మీద వేసి చూడండి. అవి 0, 24, 48, 72, 96, 120, 144, 168 స్థానాల్లో మొదలవుతాయి. వీటిలో 48 దగ్గర మొదలైనది 64వ హద్దును దాటుతుంది, 120 దగ్గర మొదలైనది 128వ హద్దును దాటుతుంది. 192 దగ్గర మళ్లీ కొత్త లైనుతో లెక్క కలుస్తుంది. అంటే ప్రతి 8 ఆబ్జెక్టుల్లో 2 రెండేసి లైన్ల మీద పడతాయి. అలాంటి ఆబ్జెక్టులో మొదటి పాయింటర్‌నూ చివరి సమయాన్నీ రెండింటినీ ముట్టుకుంటే రెండు క్యాష్ మిస్‌లు తప్పవు. 32కు సర్దితే ఏ ఆబ్జెక్టూ హద్దు దాటదు. ఇందులో ఒక విషయం గమనించాలి. ఫీల్డులు వాటి సహజ అలైన్‌మెంట్‌లోనే ఉంటాయి కాబట్టి ఏ ఒక్క ఫీల్డూ హద్దు మీద చీలిపోదు. నష్టం ఆబ్జెక్టులో దూరంగా ఉన్న రెండు ఫీల్డులను కలిపి వాడినప్పుడే వస్తుంది.

మెమరీ సంగతి. స్లాబ్ ఒక్క 4096 బైట్ల పేజీతో ఏర్పడిందనుకుంటే, వరుసగా పేర్చినప్పుడు 170 ఆబ్జెక్టులు, 32తో 128, 64తో 64 పడతాయి. మీ 10 లక్షల ఆబ్జెక్టులకు ఇవి సుమారుగా 23, 30.5, 61 మెగాబైట్లు. సర్వర్‌లో 61 మెగాబైట్లు పెద్ద మొత్తం కాదనిపించవచ్చు. కానీ చివరి స్థాయి క్యాష్ పరిమాణంతో పోల్చి చూడండి. మీ పట్టిక మొత్తాన్ని ఒక టైమర్ క్రమం తప్పకుండా తిరగేస్తుంటే, అది తాకే లైన్ల సంఖ్య 32తో ఉన్నప్పటికన్నా రెట్టింపవుతుంది. అందుకే నా అభిప్రాయంలో చిన్న ఆబ్జెక్టులకు సగం చేసే ఈ నియమం సరైన మధ్యమార్గం, దాన్ని కాదనడానికి కొలతల ఆధారం కావాలి.

జవాబు 2

పై జవాబులోని లెక్కలన్నీ సరైనవే. అయితే మీ ప్రశ్నలో అసలు తేల్చుకోవలసింది వేరే ఉందని నాకనిపిస్తోంది. లైన్లు సాకెట్ల మధ్య తిరుగుతున్నాయంటే దానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకే లైనులో పక్కపక్కన కూర్చున్న రెండు వేర్వేరు ఆబ్జెక్టులను రెండు కోర్‌లు రాస్తుండవచ్చు, దీన్నే ఫాల్స్ షేరింగ్ అంటాము. లేదా ఒకే ఆబ్జెక్టును అన్ని కోర్‌లూ నిజంగానే రాస్తుండవచ్చు. మొదటిది అలైన్‌మెంట్‌తో పోతుంది. రెండోదాన్ని 64 కాదు, 4096 బైట్లకు సర్దినా ఏమీ మారదు.

ఈ రెండింటినీ వేరు చేయడానికి మీ ఆబ్జెక్టు అమరిక చక్కగా పనికొస్తుంది. రిఫరెన్స్ కౌంటు 16వ బైటు దగ్గర, సమయం 20వ బైటు దగ్గర ఉన్నాయి. లైనులో రెండో ఆబ్జెక్టుకు అవే 48, 52 అవుతాయి. పెర్ఫ్ సీ2సీ ఒక్కో లైనులో ఏ ఆఫ్‌సెట్ దగ్గర తాకిడి ఉందో విడివిడిగా చూపిస్తుంది. ఒకే లైనులో 16 దగ్గర ఒక సాకెట్ కోర్‌లు, 48 దగ్గర మరో సాకెట్ కోర్‌లు రాస్తూ కనిపిస్తే అది పొరుగువారి తగాదా. ఒకే ఆఫ్‌సెట్‌ను రెండు సాకెట్లూ రాస్తుంటే అది ఆబ్జెక్టు లోపలి సమస్య. నివేదికలో ఆఫ్‌సెట్లు హెక్సాడెసిమల్‌లో వస్తాయి కనుక 16ను 10గా, 48ని 30గా చదువుకోవాలి.

ఇంకొకటి కూడా చూడండి. స్లబ్ ప్రతి కోర్‌కూ ఒక స్లాబ్‌ను అప్పగించి, ఆ కోర్ అడిగిన ఆబ్జెక్టులను అందులోంచే ఇస్తుంది. ఖాళీ ఆబ్జెక్టుల జాబితా అయిన ఫ్రీలిస్ట్ వరుసను యాదృచ్ఛికంగా కలిపే ఐచ్ఛికం ఆన్‌లో ఉన్నా ఆబ్జెక్టులు అదే స్లాబ్ నుంచి వస్తాయి. కాబట్టి పుట్టినప్పుడు పొరుగు ఆబ్జెక్టులు చాలావరకు ఒకే కోర్‌వి. ఒక కోర్ కేటాయించినదాన్ని మరో కోర్ విడుదల చేస్తూ పోతే, విడుదలైనది తన పాత స్లాబ్‌కే తిరిగి చేరుతుంది, ఆ స్లాబ్ తరువాత ఏ కోర్ చేతికైనా పోవచ్చు. అప్పుడే పొరుగు కలగాపులగం అవుతుంది. మీ దగ్గర కేటాయింపు, విడుదల ఒకే కోర్‌లో జరుగుతున్నాయా?

స్లాబ్‌ల విలీనం గురించి కూడా చెప్పాలి. ఒకే పరిమాణం, పొసగే ఫ్లాగులు ఉన్న స్లాబ్ క్యాష్‌లను స్లబ్ కలిపేస్తుంది. మీ 32 బైట్ల క్యాష్ మరో విభాగపు 32 బైట్ల క్యాష్‌తో కలిసిపోయి ఉంటే, మీ పక్కన ఉన్నది మీ ఆబ్జెక్టే అయ్యుండాలని లేదు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో మీ క్యాష్ పేరు చూపే చోటికే మరో క్యాష్ పేరు కూడా సింబాలిక్ లింకుగా ఉందేమో చూడండి. పరీక్ష కోసం బూట్ సమయంలో స్లాబ్ నోమెర్జ్ పారామితి ఇవ్వవచ్చు. ఆ ఒక్క క్యాష్‌నే విడిగా ఉంచడానికి 2023లో 6.5 విడుదలలో నో మెర్జ్ ఫ్లాగు కూడా వచ్చింది. కొలతలు తీసేటప్పుడు మాత్రం స్లబ్ డీబగ్ ఆన్‌లో ఉండకూడదు. అది ఆబ్జెక్టుల చుట్టూ అదనపు బైట్లు చేర్చి అమరికనే మార్చేస్తుంది, విలీనాన్ని కూడా ఆపేస్తుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే చూశాను. నా క్యాష్ విలీనమై ఉంది. సిస్‌ఎఫ్‌ఎస్‌లో అది చూపే చోటికే మరో క్యాష్ పేరు కూడా నిజంగానే సింబాలిక్ లింకుగా ఉంది. కేటాయింపు ప్యాకెట్ అందుకున్న కోర్‌లో జరుగుతుంది, విడుదల చేసేది మాత్రం వేరే కోర్‌లో నడిచే శుభ్రపరిచే పని. పెర్ఫ్ సీ2సీలో రెండు రకాలూ కనిపిస్తున్నాయి. కొన్ని లైన్లలో 16, 48 రెండూ ఉన్నాయి. కానీ అన్నిటికన్నా వేడిగా ఉన్న లైన్లలో తాకిడి అంతా ఒకే ఆబ్జెక్టు కౌంటు, సమయాల మీదే ఉంది, చదవడానికి వచ్చిన కోర్‌లు కీ దగ్గర ఆగిపోతున్నాయి. శోధన సమయంలో ప్రతి ప్యాకెట్‌కూ కౌంటును పెంచి, పని అయ్యాక తగ్గిస్తున్నాను, సమయాన్ని కూడా ప్రతిసారీ రాస్తున్నాను.

ఇంకొక సందేహం. మా మాడ్యూల్‌ను ఆర్మ్64 యంత్రాల మీద కూడా నడపాలి. అక్కడ కేమాలాక్ కనీస పరిమాణం 128 బైట్లు అని ఎక్కడో చదివాను. అలాగైతే అక్కడ ఈ సమస్యే ఉండదా?

జవాబు 3

ఆర్మ్64 గురించి మాత్రమే చెబుతాను. మీరు చదివిన 128 బైట్ల నియమం వేగం కోసం పెట్టినది కాదు, డేటా పాడవకుండా ఉండడం కోసం పెట్టినది. డీఎంఏ చేసే, అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీని చదివి రాసే పరికరం ప్రాసెసర్ క్యాష్‌తో పొందిక లేనిదైతే, కెర్నల్ ఆ బఫర్ ఉన్న లైన్లను క్యాష్ నుంచి చెల్లనివిగా చేయాలి. ఆ లైనులోనే మరొకరి ఆబ్జెక్టు ఉంటే, దానిలో అప్పుడే రాసిన విలువ మెమరీకి చేరకుండానే పోతుంది. అందుకని కేమాలాక్ ఇచ్చే ఏ ముక్కా మరొకరితో లైను పంచుకోకూడదని 128 పెట్టారు. 2023లో 6.5 విడుదలలో కాటలిన్ మారినాస్ చేసిన మార్పులతో ఆ కట్టుబాటు సడలింది. ఇప్పుడు చిన్న కేమాలాక్ ముక్కలు 8 బైట్ల దాకా రావచ్చు, అలాంటి చిన్న బఫర్‌తో పొందిక లేని డీఎంఏ చేయవలసి వస్తే కెర్నల్ దాన్ని మధ్యలో వేరే బఫర్ గుండా నడిపిస్తుంది.

మీ ఆబ్జెక్టు డీఎంఏకు వెళ్లదు, మీది సొంత స్లాబ్ క్యాష్ కూడా. కనుక మీకు వర్తించేది మొదటి జవాబులోని సగం చేసే లెక్కే. ఆ లెక్క లైను పరిమాణంతో ఎలా మారుతుందో గమనించండి. 128 బైట్ల లైను ఉన్న పవర్ ప్రాసెసర్ మీద 128, 64, 32 అని దిగి మీ ఆబ్జెక్టు మళ్లీ 32 దగ్గరే ఆగుతుంది. ఎస్390 మీద లైను 256 బైట్లు, అక్కడా 32 దగ్గరే. వృథా అయ్యే మెమరీ ఎక్కడైనా ఒకటే. కానీ లైనులో ఉండేవారి సంఖ్య 2 నుంచి 4కు, 8కి పెరుగుతుంది. ఫాల్స్ షేరింగ్ మీ అసలు సమస్య అయితే, పెద్ద లైను ఉన్న యంత్రం మీద అది తగ్గదు, ఇంకా పెరుగుతుంది.

జవాబు 4

మీరు చూసిన ఆఫ్‌సెట్లతో విషయం తేటపడింది కాబట్టి, ఏ క్రమంలో సరిచేయాలో నా అభిప్రాయం చెబుతాను.

మొదట సమయం రాయడం ఆపండి. పూర్తిగా కాదు. పాత విలువ కొత్త విలువ ఒకటే అయితే రాయవద్దు. మీరు కెర్నల్ టిక్కుల లెక్క అయిన జిఫ్ఫీస్ వాడుతుంటే, హెచ్‌జడ్ (సెకనుకు టిక్కుల సంఖ్య) 250 ఉన్న కెర్నల్‌లో అది 4 మిల్లీసెకన్లకు ఒకసారే మారుతుంది. ఆ మధ్యలో వచ్చిన వేల ప్యాకెట్లు ఒకే విలువను మళ్లీ మళ్లీ రాసి లైనును మలినం చేయడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. కెర్నల్ నెట్‌వర్క్ విభాగంలోనే నెయిబర్ ఎంట్రీల (పొరుగు యంత్రాల చిరునామా నమోదుల) నిర్ధారణ సమయాన్ని ఇలాగే, ముందు చదివి, మారితేనే రాస్తారు. ఒక పోలిక, ఒక షరతు, అంతే. ఇంత తక్కువ శ్రమతో ఇంత లాభమిచ్చే మార్పు ఈ చర్చలో మరొకటి లేదు.

తరువాత రిఫరెన్స్ కౌంటు. శోధించి, ఫ్లాగులు చదివి, అక్కడికక్కడే పని ముగించేవారికి కౌంటు అవసరం లేదు. తాళం లేకుండా చదవనిచ్చి, పాత చదువరులందరూ ముగించేదాకా విడుదలను ఆపే ఆర్‌సీయూ పద్ధతిలో చదువరి విభాగంలో ఉంటే చాలు. ఇక్కడే అలైన్‌మెంట్ మళ్లీ ఎదురవుతుంది. ఆర్‌సీయూ ద్వారా ఆలస్యంగా విడుదల చేయడానికి ఆబ్జెక్టులో 16 బైట్ల ఆర్‌సీయూ హెడ్ చేరిస్తే మీ 24 కాస్తా 40 అవుతుంది. 40 బైట్లు 32ను దాటాయి కాబట్టి అదే ఫ్లాగు ఇప్పుడు ఏ హెచ్చరికా లేకుండా 64 ఇస్తుంది, మీ పట్టిక రెట్టింపవుతుంది. చిన్న ఆబ్జెక్టులకు ఒక ఫీల్డు చేర్చే ప్రతి ఒక్కరూ ఈ 32 గీతను, 64 గీతను గుర్తుంచుకోవాలని నా మనవి.

ఈ పెరుగుదల వద్దనుకుంటే టైప్‌సేఫ్ బై ఆర్‌సీయూ ఫ్లాగు ఉంది. 2017కు ముందు దాని పేరు డిస్ట్రాయ్ బై ఆర్‌సీయూ. అది ఉంటే ఆబ్జెక్టును వెంటనే విడుదల చేసి మళ్లీ అదే రకం ఆబ్జెక్టుగా వాడుకోవచ్చు. స్లాబ్ పేజీ మాత్రం ఆర్‌సీయూ గడువు ముగిసేదాకా వ్యవస్థకు తిరిగి వెళ్లదు. విడుదలైన ఆబ్జెక్టును ఎవరో చదువుతూ ఉండవచ్చు కనుక స్లబ్ తన ఫ్రీ పాయింటర్‌ను ఆబ్జెక్టు లోపల రాయకుండా, దాని చివర 8 బైట్లు అదనంగా తీసుకుని అక్కడ రాస్తుంది. మీ 24కు ఆ 8 కలిస్తే సరిగ్గా 32. అలైన్‌మెంట్ కోసం ఖాళీగా పోతున్న చోటే దానికి సరిపోయింది, మెమరీ ఒక్క బైటు కూడా పెరగదు. పైగా ఈ ఫ్లాగు ఉన్న క్యాష్‌ను స్లబ్ ఎవరితోనూ విలీనం చేయదు కాబట్టి రెండో జవాబులో చెప్పిన సమస్య కూడా దీనితోనే తీరుతుంది. దీనికి మూల్యం కోడ్‌లో చెల్లించాలి. దొరికిన ఆబ్జెక్టు మీరు చదువుతుండగానే మరొక కనెక్షన్‌ది అయిపోవచ్చు కనుక, చదివిన తరువాత కీని మళ్లీ సరిచూడాలి. తరువాతి పాయింటర్ మిమ్మల్ని వేరే గొలుసులోకి తీసుకుపోవచ్చు కనుక, ఏ గొలుసు చివర చేరామో తెలిపే నల్స్ జాబితాను వాడాలి. ఆబ్జెక్టును ఎక్కువసేపు పట్టుకునేవారు మాత్రం కౌంటు తీసుకుని, ఆ తరువాత కీ చూడాలి.

ఈ రెండూ చేశాక మళ్లీ కొలవండి. అప్పటికీ 16, 48 జంటలు మిగిలి ఉంటేనే పూర్తి లైను అడగండి. అడిగినా, కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లలో పక్క లైనును కూడా కలిపి 128 బైట్ల జంటగా తెచ్చే ప్రీఫెచర్ ఉంటుందని గుర్తుంచుకోండి. 64 హద్దు దాటినా పొరుగు ప్రభావం పూర్తిగా పోకపోవచ్చు. కెర్నల్‌లోనే దీనికి ఉదాహరణ ఉంది. 2023లో 6.4 విడుదలలో ప్రతి వీఎంఏకూ (ప్రాసెస్ మెమరీలో ఒక వరుస ప్రాంతాన్ని వర్ణించే స్ట్రక్చర్‌కు) విడి తాళం వచ్చినప్పుడు, ఆ తాళం వీఎంఏ లోపల ఉంటే పేజ్ ఫాల్ట్ పరీక్షలు నెమ్మదించడంతో దాన్ని వేరే స్లాబ్ క్యాష్‌లోకి తీసివేశారు. 2025లో 6.15లో మాత్రం దాన్ని రిఫరెన్స్ కౌంటు రూపంలో తిరిగి రాసి, క్యాష్ లైను హద్దుకు సర్ది, మళ్లీ వీఎంఏలోకే తెచ్చారు.

ప్రశ్న అడిగినవారి నుంచి

సమయాన్ని మారితేనే రాసే మార్పు ఇవాళే పెట్టాను. అత్యంత వేడిగా ఉన్న లైన్ల జాబితాలో సమయం ఆఫ్‌సెట్ ఇక కనిపించడం లేదు, కౌంటు మాత్రం ఉంది. టైప్‌సేఫ్ మార్గంలోనే వెళతాను. ఒక్క ప్రశ్న మిగిలింది. చివరికి 64 అవసరమే అయితే, స్లాబ్ క్యాష్ సృష్టించే ఫంక్షన్‌కు అలైన్‌మెంట్‌గా 64 ఇవ్వడం మంచిదా, లేక స్ట్రక్చర్ మీదనే క్యాష్ లైను అలైన్డ్ అని రాయడం మంచిదా?

జవాబు 4 రాసినవారి నుంచి

రెండింటి ఫలితం ఒకటి కాదు. ఫంక్షన్‌కు ఇచ్చినది ఆ స్లాబ్ క్యాష్‌కే పరిమితం. స్ట్రక్చర్ పరిమాణం 24గానే ఉంటుంది, మధ్య ఖాళీ స్లబ్ చూసుకుంటుంది. స్ట్రక్చర్ మీద రాస్తే కంపైలర్ దాని పరిమాణాన్నే 64 చేస్తుంది. అప్పుడు అది మరో స్ట్రక్చర్ లోపల ఉన్నా, వరుసగా అర్రేలో ఉన్నా ఆ పరిమాణమే వస్తుంది. ఆ పైన టైప్‌సేఫ్ ఫ్లాగు కూడా ఉంటే, ఫ్రీ పాయింటర్‌కు 64 లోపల చోటు మిగలదు కాబట్టి ఒక్కో ఆబ్జెక్టు 128 బైట్లకు పోతుంది. మీ పరిస్థితిలో ఇది స్పష్టమైన నష్టం. ఫంక్షన్‌కు 64 ఇస్తే 24, 8 కలిపి 32 అయి, 64 లోపలే ఇమిడిపోతుంది.

కాబట్టి మీరు ఫంక్షన్‌కే ఇవ్వండి. అంకెగా 64 రాయకుండా క్యాష్ లైను పరిమాణం తెలిపే ఫంక్షన్‌ను పిలవండి, ఆర్మ్64లో అది నడుస్తున్న యంత్రాన్ని బట్టి విలువ ఇస్తుంది. స్ట్రక్చర్ పరిమాణం 24 దాటితే కంపైల్ దశలోనే ఆగిపోయేలా ఒక బిల్డ్ బగ్ ఆన్ తనిఖీ కూడా పెట్టండి. ఎవరైనా ఇంకొక ఫీల్డు చేర్చిన రోజున స్ట్రక్చర్ లోపలి ఖాళీలను చూపే పాహోల్‌తో అమరిక చూసి, ఆ సంఖ్యను తెలిసే మార్చాల్సి వస్తుంది.